సర్ రొనాల్డు రాసుగారు

అమెరికా ఖండమును మొదట కనుగొన్నవా రెవరను ప్రశ్న చరిత్రపాఠము జరుగునపుడెల్ల మాలో పుట్టుచుండును. 1492వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన కొలంబసు బహామా దీవులలో నొకదానియందు దిగెను. అంతకు దాదాపు ఐదువందల యేండ్లకు పూర్వమే ఐరోపా ఉత్తరదేశముల నావికులు న్యూఫౌండ్‌లాండు తీరమున ఇండ్లు కట్టుకొనియుండిరి. వారు 1021లో నరికిన కొయ్య అచట దొరకినది. వీరందరికంటె వేలకొలది యేండ్లు ముందుగా ఆ దేశపు ప్రజల పూర్వులు అచట కాపురముండిరి. కొలంబసు తాను చేరినది ఆసియాయే యని నమ్ముచు 1506లో మరణించెను. మరుసటి యేట పటము వ్రాసినవారు ఆ క్రొత్తభూమికి అమెరిగో వెస్పూచి పేరు పెట్టిరి. చూచినవా డొకడు, పేరు పొందినవాడు మరియొకడు.

ఇట్టి వివాద మొకటి మన నగరమునందే పుట్టినది. 2008వ సంవత్సరము మార్చి నెలవరకు హైదరాబాదునకు వచ్చు విమానములు బేగంపేటలో దిగుచుండెడివి. పిమ్మట అవి మా శంషాబాదునకు మారినవి. ఆ పాత విమానాశ్రయమునకు చేరువను ఒక పాత కట్టడము కలదు. సర్ రొనాల్డు రాసుగారు పరిశోధన చేసిన చోటుగా నది వారి పేరనే నిలిచియున్నది.

రాసుగారు 1857వ సంవత్సరము మే 13వ తేదీన హిమాలయ ప్రాంతములోని అల్మోరాయందు జన్మించిరి. తండ్రి సేనాధికారి. ఎనిమిదవ యేట వారిని చదువునకై ఇంగ్లండునకు పంపిరి. వారికి చిత్రలేఖనమునందును కవిత్వమునందును మక్కువ మెండు. వైద్యవిద్యయందు మనసే లేదు. అయినను తండ్రి కోరికచొప్పున లండనులోని సెయింటు బార్తలోమ్యూ వైద్యశాలలో చదివి, 1881లో ఇండియా వైద్యశాఖలో ఉద్యోగము సంపాదించి మదరాసునకు వచ్చిరి. తీరిక వేళల గణితము నభ్యసించుచు, పద్యములును నవలలును వ్రాయుచుండిరి.

చలిజ్వరము చెడుగాలివలన వచ్చునని పూర్వము జనులు తలచుచుండిరి. మలేరియా యను మాటకే చెడుగాలి యని యర్థము. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి సైనికవైద్యుడు అల్జీరియాలో రోగి నెత్తుటియందు ఆ జ్వరమును గలిగించు సూక్ష్మజీవిని జూచెను. అది యొకరినుండి మరియొకరికి ఎట్లు ప్రాకునో తెలియలేదు. 1894లో రాసుగారు లండనునకు పోయినపుడు పాట్రిక్ మాన్సనుగారు ఆ జీవిని సూక్ష్మదర్శినిలో చూపి, దోమలకు దీనితో సంబంధముండు నను తమ యూహను తెలిపిరి. కావున ఆ యూహ రాసుగారి సొంతము కాదు. దానిని పరీక్షించి నిజము తేల్చు భారమును మాత్రము వారు తలకెత్తుకొనిరి.

1895లో రాసుగారు సికిందరాబాదు దండులోని పటాలమునకు వైద్యులుగా వచ్చి పని నారంభించిరి. నడుమ కలరా మాన్పుటకై బెంగుళూరునకు పోవలసివచ్చెను. నీలగిరులకు పోయినపుడు తామే చలిజ్వరమున పడిరి. రెండేండ్లపాటు ఎన్ని దోమలను కోసి చూచినను ఫలము కానరాలేదు. ఏలయన, వారు పరీక్షించినవి ఆ జీవిని మోయు జాతివి కావు.

1897వ సంవత్సరము ఆగస్టు నెలలో రెక్కలపై మచ్చలుగల దోమలు కొన్ని వారికి దొరకినవి. హుస్సేన్ ఖాన్ అను రోగి దోమకాటునకు అణా చొప్పున పుచ్చుకొని వానిచేత కుట్టించుకొనెను. విసనకఱ్ఱ వీచిన దోమ లెగిరిపోవునని రాసుగారు ఉక్కలోనే కూర్చుండిరి. చెమటచేత సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. దాని అద్ద మొకటి పగిలియుండెను. ఆగస్టు 20వ తేదీన, నాలుగుదినముల క్రిందట రక్తము త్రాగిన దోమను కోయగా దాని కడుపుగోడలో నల్లని రేణువులుగల గుండ్రని కణములు కానవచ్చెను. మరునాడు కోసిన దోమలో అవి మరింత పెరిగియుండెను. జ్వరజీవి దోమయొడలిలో పెరుగుచున్నదని తేలినది.

అంతలో పై యధికారులు వారిని చలిజ్వరపు రోగు లరుదుగానుండు రాజపుతానాకు బదిలీ చేసిరి. 1898లో కలకత్తా చేరి, మనుష్యులకు మారుగా పిట్టల చలిజ్వరమును పరీక్షించిరి. మహమ్మద్ బక్సు అను పరిచారకుడు వారికి తోడ్పడెను. ఆ జూలైలో ఆ జీవి దోమ లాలాజలగ్రంథులను చేరుననియు, కాటుతో ఆరోగ్యముగల పిట్టలకు ప్రాకుననియు నిరూపించిరి.

ఆ సంవత్సరమే రోములో గ్రాస్సీ అను పండితుడు, బిగ్నామీ, బాస్టియనెల్లీ అను వైద్యులతో కలిసి, మనుష్యుల చలిజ్వరమును మోయునది అనాఫిలీసు జాతి దోమయే యని తేల్చి, మనుష్యులయందే దానిని నిరూపించెను. 1902లో నోబెల్ బహుమానము రాసుగారి కొక్కరికే దక్కెను. ఎవరు మొదటివారని ఇరువురును ఒకరినొకరు నిందించుకొనిరి. 1925లో గ్రాస్సీ చనిపోవువరకు ఆ వైరము చల్లారలేదు.

ఇందు న్యాయమెట్టిదని మేము తర్కించుకొంటిమి. కొలంబసు దరి చేరియు అది యే భూమియో యెరుగడు. రాసుగారును దోమ కడుపులో జీవిని జూచియు ఆ దోమ జాతి పేరు చెప్పలేకపోయిరి. ఆ పేరు చెప్పి, మనుష్యులయందు తుదివరకు నిరూపించిన ఘనత గ్రాస్సీది. అయినను బేగంపేటలో తలుపు తెరవనిదే రోములోనివారికి దారి యింత త్వరగా దొరకియుండదు. కావున మొదటి యడుగు రాసుగారిదే యని మా తలంపు. ఇతరుల పాలు ఇతరులకు ఈయకపోవుట మాత్రము ఇరువురి లోపము. ఒకరి పాలును ఒప్పుకొనినంతమాత్రమున మరియొకరి కీర్తి తరుగదు గదా.

హుస్సేన్ ఖాన్ ఏ పతకమును పొందలేదు. జ్వరముతో నున్న యొడలిని దోమల కొప్పగించి కొన్ని అణాలతో వెడలిపోయెను. నావికుల పేర్లు చెప్పునపుడు ఆ తీరమున ముందే యున్నవారిని మరచుట యెట్టి తప్పో, వైద్యుల పేర్లు చెప్పునపుడు ఇతనిని మరచుటయు నట్టి తప్పే.

రాసుగారు 1899లో ఉద్యోగము చాలించి లివర్‌పూలులో అధ్యాపకులైరి. దోమలను తగ్గించి చలిజ్వరమును తగ్గించు మార్గములను బోధించుచు, ఆ వ్యాప్తిని గణితముతో లెక్కకట్టు విధానమును ఏర్పరచిరి. 1911లో సర్ బిరుదమును పొంది, 1932వ సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన లండనులో మరణించిరి. ఆగస్టు 20వ తేదీని లోకము దోమల దినముగా జరుపుచున్నది. సోదర విద్యార్థులారా! ఆనాడు రాసుగారిని తలచుకొనునపుడు గ్రాస్సీని, హుస్సేన్ ఖానును గూడ తలచుకొందము. మా యింటి ముంగిట నిలిచిన నీటిని పారబోసి ఆ దినమును జరుపుకొనవలెనని మేము నిశ్చయించుకొంటిమి.