పాట వదలని హీరోయిన్

ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో 1925లో పుట్టిన భానుమతికి తొలి సంగీత గురువు నాన్నే. 1939లో ‘వరవిక్రయం’తో సినిమాల్లోకి వచ్చారు. తర్వాత ప్లేబ్యాక్ వచ్చింది, పాట రానివాళ్లూ హీరోయిన్లు కావచ్చు. ఆమె మాత్రం తన పాట తానే పాడుకున్నారు. అంటే రెండు కెరీర్లనీ ఒకే ఉద్యోగంలో పెట్టేశారన్నమాట! సికింద్రాబాద్ నుంచి కోచింగ్‌కి బస్సులో వెళ్తూ ‘మల్లీశ్వరి’ (1951) పాటలు వినండి, తెలుస్తుంది.

1953లో ‘చండీరాణి’ని మూడు భాషల్లో డైరెక్ట్ చేసి, హీరోయిన్‌గానూ నటించారు.

మొండితనానికి ఖరీదూ కట్టారు. ‘మిస్సమ్మ’ షూటింగ్ కొంత అయ్యాక నిర్మాత చక్రపాణితో గొడవపడి బయటికొచ్చేశారు. ఆ పాత్ర సావిత్రికి వెళ్లింది. సొంత సంస్థ భరణి పిక్చర్స్ ఉండబట్టే ఆ ధైర్యమని నా అనుమానం.

1984లో ‘మంగమ్మగారి మనవడు’లో బామ్మగా హిట్ కొట్టి, తర్వాత చెన్నై ప్రభుత్వ సంగీత కళాశాల ప్రిన్సిపాల్‌ అయ్యారు.