కొలిమి ముందు నిలిచిన వీరుడు: యూజీన్ క్రిస్టఫ్

పలనాటి గడ్డపై పెరిగిన మనకు వీరత్వమనగానే కారంపూడి రణరంగం, నాగులేటి తీరం స్ఫురిస్తాయి. కత్తి పట్టకుండానే వీరులైనవారు కూడా లోకంలో ఉన్నారు. అట్టివారిలో ఒకరైన ఫ్రాన్స్ దేశపు సైకిలు యోధుడు యూజీన్ క్రిస్టఫ్ జీవితాన్ని మా విద్యార్థులకు పరిచయం చేయదలచాము.

క్రిస్టఫ్ 1885లో పారిస్ నగరం చెంతనున్న మలకాఫ్‌లో జన్మించారు. తాళాలు చేసే పని ఆయన తొలి వృత్తి. ఇనుమును కాల్చి, వంచి, అతికే విద్య ఆయన చేతులకు చిన్ననాడే అబ్బింది. 1910లో ఇటలీలో జరిగిన మిలాన్–సాన్ రెమో పందెంలో మంచు తుఫానుకు పోటీదారులు అనేకులు వెనుదిరుగగా, క్రిస్టఫ్ గడ్డకట్టే చలిలో పన్నెండు గంటలకు పైగా సైకిలు తొక్కి విజేత అయ్యారు. ఆ చలి దెబ్బకు ఆసుపత్రి పాలు కావలసి వచ్చింది.

ఆయన కీర్తికి మూలమైనది 1913 నాటి టూర్ ద ఫ్రాన్స్ పందెం. ఆ రోజు బయోన్ నుండి లూషోన్ వరకు 326 కిలోమీటర్ల దూరం, వరుసగా పిరనీస్ పర్వతాల కనుమలు. ఒకటి ఎక్కి దిగేలోగా మరొకటి ఎదురయ్యేది. సుమారు 2,115 మీటర్ల ఎత్తుగల టూర్మలే కనుమ ఎక్కేనాటికి విజయం ఆయనకు అందుబాటులోనే ఉంది. దిగుతుండగా సైకిలు ముందు ఫోర్కు విరిగింది.

పరుల సాయం పొందరాదని నియమం. క్రిస్టఫ్ సైకిలును భుజాన వేసుకొని, పది కిలోమీటర్లకు పైగా నడచి, సాంత్ మారీ ద కంపాన్ గ్రామంలోని కమ్మరి కొలిమిని చేరారు. కమ్మరి నోటితో దారి చూపగలడే గాని చేయి వేయరాదు. న్యాయనిర్ణేతలు చూస్తుండగా గంటల తరబడి శ్రమించి ఫోర్కును తానే అతికారు. ఒక బాలుడు కొలిమి తిత్తి ఊదినందుకు పది నిమిషాల శిక్ష పడింది. తరువాత దానిని మూడుకు తగ్గించారు. సుమారు నాలుగు గంటల కాలం పోయింది, గెలుపు పోయింది. అయినా ఆయన మిగిలిన కనుమలు దాటి గమ్యం చేరారు. పందెం ముగిసేసరికి ఏడవ స్థానంలో నిలిచారు.

1919లో పందెంలో అగ్రగామికి పసుపు చొక్కా ధరింపజేసే ఆచారం ఆయనతోనే ఆరంభమైంది. ఆ ఏడు చివరి అంకంలో ఫోర్కు మళ్ళీ విరిగి విజయం చేజారింది. 1922లో ఆల్ప్స్ పర్వతాలలో మూడవసారి విరిగింది. టూర్ ద ఫ్రాన్స్‌లో ఆయన ఎన్నడూ విజేత కాలేదు. 1970లో మరణించారు. ఆ గ్రామంలో ఆయన స్మారకం నేటికీ ఉంది.

ఇటీవలి కాలంలో సాహసులు ఒకే కొండను పదే పదే ఎక్కి దిగుతూ, ఎక్కిన ఎత్తు ఎవరెస్టుతో సమానంగా 8,848 మీటర్లయ్యే వరకు సైకిలు తొక్కుతున్నారు. వారి దేహశక్తి అభినందనీయమే. కాని క్రిస్టఫ్‌ను ఆనాడు గట్టెక్కించినది కాళ్ళ బలం ఒక్కటే కాదు, చేతి విద్య కూడ.

దావూద్ ప్రవక్త ఇనుముతో కవచాలు చేసి, స్వహస్తాల కష్టంతో జీవించారని మనం విశ్వసిస్తాము. నడికుడి ప్రాంతపు సున్నపురాతి నేలపై చెమటోడ్చి బిడ్డలను చదివించే తల్లిదండ్రులెందరో. వారి చేతిపనిని చెప్పుకొనడానికి సంకోచించే విద్యార్థి ఆ కొలిమిని ఒక్కసారి తలచుకోవాలి. గెలుపు మన చేతిలో లేకపోవచ్చు. చేపట్టిన పనిని నియమం తప్పక ముగించడం మాత్రం మన చేతిలోనే ఉంది.