సర్ జార్జి సింప్సను

సముద్రతీరవాసులమగు మనకు గాలివాన యన నేమో వేరుగ చెప్పనక్కరలేదు. 1996 నవంబరు 6వ తేదీ తుపానులో కొబ్బరితోటలు నేలగూలుట కన్నులార చూచినవారు మన పాఠకులలో పెక్కురు గలరు. గాలి యెప్పుడు, ఎంత వడితో వీచునో ముందుగా చెప్పవలెనన్న, ఎవరో యొకరు దినదినమును కొలిచి వ్రాసి యుంచవలెను గదా. మన దేశపు వాతావరణ శాఖలో నట్టి కొలువు చేయుచు దక్షిణధ్రువ ఖండమునకు బోయివచ్చిన యొక శాస్త్రజ్ఞుని చరిత్రము నిచ్చట చెప్పదలచితిమి.

జార్జి క్లార్కు సింప్సను 1878 సంవత్సరమున ఇంగ్లండులోని డర్బీ పట్టణమున జన్మించెను. మాంచెస్టరులో విద్య ముగించి, 1906లో సిమ్లా కార్యాలయమున చేరెను. వానచినుకులు గాలిలో చెదరునప్పుడు విద్యుచ్ఛక్తి పుట్టునని అచ్చట పరీక్షలు చేసి చూపెను.

1910లో కాప్టెన్ స్కాటు ధ్రువయాత్రకు బయలుదేరగా, సింప్సను వాతావరణ పరిశోధకుడుగ వెంట వెళ్లెను. ఇవాన్సు అగ్రమను చోట 50 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు గల కొయ్యయింట 1911 శీతకాలమున 25 మంది కాపురముండిరి. అచ్చట సూర్యుడు నాలుగు మాసములు కానరాడు. మంచనగా వేసవిలో సోడాబండిమీది ముక్కయే యని యెరిగిన మన బాలురకు ఆ చలి యూహకందదు. సింప్సను ఇంటివెనుక దిబ్బమీద ఉష్ణమాపకమును, గాలివడి కొలుచు యంత్రమును నిలిపి, ఈదురుగాలిలో సైతము ఎక్కి చూచి వచ్చుచుండెను. మంచుగడ్డను తొలిచిన గుహలో అయస్కాంత యంత్రము లుంచెను. హైడ్రోజను బుడగకు చిన్న యంత్రమును గట్టి పైకి విడచి, అది తెగి పడినచోటు తెలియుటకై దానికి సన్నని పట్టుదారము తగిలించుచుండెను. ఆ దారము వెంబడి మంచులో నడచి యంత్రమును వెదకి తెచ్చుట యెంత యోపికతో గూడిన పనియో!

సిమ్లాలో నతని యవసరము కలిగినందున 1912 మార్చిలో ఓడయెక్కి మరలెను. ధ్రువమును జనవరి 17న చేరి తిరిగివచ్చుచున్న స్కాటు, మిగిలిన సహచరు లిద్దరితో, ఆ మార్చి నెలాఖరుననే, ఆహారపు నిలువకు 11 మైళ్ల దూరమున గుడారములో ప్రాణములు విడిచెను. లోకమునకు ఈ వార్త 1913 ఫిబ్రవరిలో గాని తెలియలేదు.

మార్చిలో చలి యెంత యుండవచ్చునని స్కాటునకు అంచనా నిచ్చినవాడు సింప్సనే. మృతులు వ్రాసి యుంచిన అంకెలలో చలి ఆ యంచనాను మించి యుండెను. తప్పు లెక్కదా, లేక ఆ యేటిదా? అతడు తొందరపడి జవాబు చెప్పలేదు. ఆఫీసు పని నడుమ, యుద్ధకాలము నడుమ, యాత్రలోని కొలతల నన్నిటిని సవరించి 1919లో రెండు సంపుటములు కలకత్తాలో ప్రకటించెను. మూడవది 1923లో లండనులో వెలువడెను. ఆ యేటనే ఆక్సుఫర్డులో ఉపన్యసించుచు, ఆ మార్చి చలి అసాధారణమైనదని తేల్చి చెప్పెను. ఈ మాటకంటె, దీనికి ముందు అతడు వహించిన మౌనమే మాకు గొప్పగా తోచుచున్నది. అయితే ఆ మంచుమైదానపు లెక్కలు కొద్ది యేండ్లవే యుండుటచే సంగతి సందేహముగనే నిలిచెను.

1920 మొదలు 1938 వరకు సింప్సను లండను వాతావరణ కార్యాలయమునకు అధిపతి. 1935లో సర్ బిరుదము వచ్చెను. విశ్రాంతి పుచ్చుకొనిన పిదప రెండవ ప్రపంచయుద్ధ కాలమున మరల క్యూ పరిశోధనాలయమున చేరి, ఉరుము మేఘములను గూర్చిన పాతపనికే పూనుకొనెను. 1965 జనవరి 1వ తేదీన మరణించెను.

1999లో సుసాన్ సాలమన్, చార్లెసు స్టెర్న్సు అను అమెరికా శాస్త్రజ్ఞులు, ఆ మైదానమున మనుష్యుల సాయము లేకయే పనిచేయు యంత్రములు పెక్కేండ్లు వ్రాసిన అంకెలతో పోల్చి చూచిరి. 1912 మార్చిలో చలి సామాన్యముగ నుండుదానికంటె ఫారన్‌హీటు మానమున 10 మొదలు 20 డిగ్రీల వరకు హెచ్చుగ నుండెనని కనుగొనిరి.