గొంతులో దీపం పెట్టిన డాక్టరు: షెవాలియర్ జాక్సన్

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో మ్యుటర్ మ్యూజియం అని ఒకటుంది. అందులో ఒక బీరువా నిండా సొరుగులు. సొరుగు లాగితే పిన్నీసులు, గుండీలు, నాణేలు, మేకులు, ఎముక ముక్కలు, బొమ్మల భాగాలు, పళ్లు, పళ్ల సెట్టు ముక్కలు వరసగా కనిపిస్తాయి. మొత్తం 2,374 వస్తువులు. ఇవన్నీ ఎవరో ఒకరు మింగినవో, పొరబోయి ఊపిరితిత్తుల్లోకి పోయినవో. వీటిని కూడబెట్టి, ఏది ఎవరి నుంచి ఎలా తీశారో రాసిపెట్టిన మనిషి డాక్టర్ షెవాలియర్ జాక్సన్. డాక్టరే అయినా, ఆయన కథ మన ఇంజనీరింగ్ వాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సింది.

జాక్సన్ 1865 నవంబరు 4న పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. చిన్నప్పుడు బక్కగా, సిగ్గరిగా ఉండేవాడు. బడిలో మిగతా పిల్లలు ఆయన్ని బాగా ఏడిపించేవాళ్లు. ఒకసారి కళ్లకు గంతలు కట్టి పాడుబడ్డ బొగ్గు గనిలో పడేసి పోయారు. అదృష్టం కొద్దీ బతికి బయటపడ్డాడు. చీకటి గొయ్యిలో ఇరుక్కుపోవడం అంటే ఏమిటో అలా చిన్న వయసులోనే తెలిసింది. ఆయనకి ఊరట ఇచ్చింది చెక్కపని, లోహపు పని, బొమ్మలు గీయడం. పనిముట్టు చేతిలో ఉంటే చాలు, లోకం గుర్తుండేది కాదట.

ఇంట్లో డబ్బులు అంతంతమాత్రం. గాజు సామాను మీద, పింగాణీ మీద బొమ్మలు వేసి ఫీజులు కట్టుకుంటూ ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ మెడికల్ కాలేజీలో చదివాడు. 1886లో పట్టా వచ్చింది. తరవాత లండన్ వెళ్లి, అప్పట్లో గొంతు వైద్యంలో పెద్ద పేరున్న మోరెల్ మెకంజీ పని చూశాడు. అన్నవాహికలోకి చూసే పరికరం ఒకటి మెకంజీ దగ్గరుంది గానీ అది వాడకానికి పెద్దగా పనికొచ్చేది కాదు. సరైనది తనే చెయ్యాలన్న పట్టుదలతో జాక్సన్ పిట్స్‌బర్గ్ తిరిగొచ్చాడు.

1890లో తన మొదటి ఈసోఫాగోస్కోప్ తయారుచేశాడు. ఒక పెద్ద మనిషి అన్నవాహికలో ఇరుక్కున్న కట్టుడు పళ్ల ప్లేటును, ఒక పిల్లాడు మింగిన నాణేన్ని దానితో తీశాడు. ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో. అంటే లోపల వస్తువు ఎక్కడుందో, ఏ పక్కకు తిరిగి ఉందో చూపించే ఫొటో ఏదీ లేకుండానే చేశాడన్నమాట.

పళ్ల సెట్టు తీయడం ఎందుకంత కష్టం? పెద్దవాళ్ల అన్నవాహిక దాదాపు 25 సెంటీమీటర్ల పొడవున్న మెత్తని కండరపు గొట్టం. సెట్టుకి పక్క పళ్లను పట్టుకోవడానికి తీగ కొక్కేలు ఉంటాయి. అవి గొట్టం గోడలో గుచ్చుకుంటాయి. తొందరపడి లాగితే గోడ చిరుగుతుంది. చిరిగితే గుండె చుట్టూ ఉన్న చోటికి చీము పాకుతుంది. యాంటీబయాటిక్స్ లేని ఆ రోజుల్లో అంటే దాదాపు చావే.

ఇక్కడే జాక్సన్ గొప్పదనం తెలుస్తుంది. ఆ పరికరం బయటికి రాగానే మిగతా డాక్టర్లూ వాడటం మొదలుపెట్టారు. సాధన లేకుండా గొట్టం దోపి రోగులకు హాని చేశారు. పేరొస్తోంది కదా అని జాక్సన్ ఊరుకోలేదు. వాడకం నేర్పకుండా పనిముట్టు ఒక్కటే ఇస్తే ప్రాణాలు పోతాయని అర్థమై, దాని ప్రచారం మానేశాడు. పరికరాన్ని బాగుచేయడం, నేర్పే పద్ధతిని తయారుచేయడం అనే రెండు పనుల మీద ఏళ్ల తరబడి కూర్చున్నాడు.

పాత గొట్టాల్లోకి వెలుతురు బయటి నుంచి పంపేవాళ్లు, అది కొసదాకా సరిగా చేరేది కాదు. జాక్సన్ చిన్న బల్బుని గొట్టం లోపలి కొసకే పెట్టాడు. మాక్స్ ఐన్‌హార్న్ అనే డాక్టరు అన్నవాహిక గొట్టానికి చేసిన ఏర్పాటుని ఇంకా మెరుగుపరిచి, ఊపిరి గొట్టాల్లోకి చూసే బ్రాంకోస్కోప్‌కీ పెట్టాడు. రకరకాల వస్తువులకి రకరకాల పటకారులు తన వర్క్‌షాపులోనే తయారుచేసుకున్నాడు. 1907లో ఈ విద్య మీద పుస్తకం రాశాడు.

ఆయన పద్ధతి చూస్తే మన ల్యాబ్ గుర్తొస్తుంది. రోగి మింగిన వస్తువు లాంటిదే ఇంకొకటి సంపాదించేవాడు. దాన్ని రబ్బరు గొట్టంలో అదే తీరుగా ఇరికించి, ఎటు తిప్పితే గుచ్చుకోకుండా వస్తుందో ముందే సాధన చేసేవాడు. మొన ముందుండి కదిలితే గోడలో దిగుతుంది, మొన వెనకుంటే జారుతూ వస్తుంది అన్నది ఆయన మూల సూత్రం. తెరుచుకున్న పిన్నీసు మొన పైకి ఉంటే? ఒక దారి, లోపలే పిన్నీసు మూసేయడం. దానికి ప్రత్యేకంగా పరికరం ఉంది. ఇంకో దారి, దాన్ని మెల్లిగా కడుపులోకి దింపి, అక్కడ చోటుంటుంది కాబట్టి తిప్పి, చుట్ట ఉన్న వైపు పట్టుకుని పైకి తేవడం. బలం కాదు, జ్యామితి!

ఇంకో పెద్ద పోరాటం కాస్టిక్ సోడా మీద. సబ్బు చేసుకోవడానికీ, తూములు శుభ్రం చేయడానికీ ఇళ్లలో వాడే ఈ పొడిని పంచదార అనుకుని పసిపిల్లలు నోట్లో వేసుకునేవాళ్లు. అన్నవాహిక కాలి, మచ్చకట్టి మూసుకుపోయేది. అలాంటి ఒక ఏడేళ్ల పాపకి నీళ్లు కూడా దిగడం లేదు. జాక్సన్ లోపల అడ్డుపడ్డ ముద్దని తీశాక గ్లాసు నీళ్లిస్తే, ఆ పాప మళ్లీ వెనక్కి వస్తాయేమోనని భయంగా ఒక గుక్క వేసింది. దిగింది! ఇంకో గుక్క. గ్లాసంతా తాగి, ఆయన చెయ్యి ముద్దుపెట్టుకుంది. అయితే ఒక్కొక్కరిని బాగుచేస్తూ పోతే సరిపోదు, డబ్బా మీద విషం అని రాసి ఉండాలి అని జాక్సన్ ఏళ్లపాటు చట్టసభల చుట్టూ తిరిగాడు. చివరికి 1927లో ఫెడరల్ కాస్టిక్ పాయిజన్ చట్టం వచ్చింది.

మధ్యలో క్షయ ఆయన్ని మంచాన పడేసింది. ఆ విశ్రాంతిలోనూ పుస్తకమే రాశాడు. 1916లో ఫిలడెల్ఫియాకి మారి, ఒకేసారి అయిదు వైద్య సంస్థల్లో ఆచార్య పదవిలో పనిచేశాడు. రెండు చేతులతో రంగు సుద్దలు పట్టుకుని బోర్డు మీద అన్నవాహిక గీస్తూ పాఠం చెప్పేవాడు. కొడుకూ అదే వైద్యంలోకి వచ్చాడు. 1958 ఆగస్టు 16న, 92 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. అంతకు ఏడాది ముందే, 1957లో, బేసిల్ హిర్షోవిట్జ్ వంగే ఫైబర్ ఎండోస్కోప్ చూపించాడు. ఇప్పుడు మన ఊళ్లలో గ్యాస్ట్రో డాక్టర్లు వాడేవి దాని వారసులే.

పరికరం మారింది గానీ జాక్సన్ హెచ్చరికలు మారలేదు. ఏదైనా ఇరుక్కుంటే వేలు పెట్టి కెలకడం, వాంతి చేయించడం, కనపడకుండా కిందికి నెట్టడం వద్దన్నాడాయన. మన ఇళ్లలో అన్నం ముద్దో అరటిపండో మింగిస్తారు చూడండి, కొక్కేలున్న పళ్ల సెట్టు విషయంలో అది ప్రమాదం. పైగా ఇప్పటి సెట్లు అక్రిలిక్‌వి, ఎక్స్‌రేలో తీగ తప్ప మిగతాది సరిగా కనపడదు. ఎక్స్‌రేలో ఏమీ లేదు కదా అని నిశ్చింతగా ఉండకూడదు. మింగడం కష్టంగా ఉన్నా, ఉమ్మి దిగకపోయినా, ఛాతీలో నొప్పి ఉన్నా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఈ సెలవులకి ఇంటికెళ్లినప్పుడు తాతయ్యనో నాయనమ్మనో ఒక్కమాట అడగండి: సెట్టు వదులైందా, రాత్రి తీసి పడుకుంటున్నారా అని.