కెత్లే మహాశయుడు

మనుష్యుని యెత్తును బరువును జోడించి చూచు లెక్కను మొదట కనిపెట్టినవాడు వైద్యుడు కాడు. ఆయన నక్షత్రములను పరిశీలించిన గణితవేత్త. పేరు అడాల్ఫు కెత్లే.

ఈయన నేటి బెల్జియము దేశమందలి ఘెంటు నగరమున 1796 ఫిబ్రవరి 22వ తేదీన జన్మించెను. ఏడేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. చిన్నవయస్సుననే ఉపాధ్యాయుడై, గణితము బోధించుచునే తాను చదివికొని, 1819లో ఘెంటు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును పొందెను. బ్రస్సెల్సు నగరమున నక్షత్రశాల నెలకొల్పవలయునను కోరికతో 1823లో ఖగోళవిద్య నేర్చుటకై పారిసునకు పోయెను.

ఖగోళవేత్తలు ఒక్క నక్షత్రమునే పలుమాఱులు కొలిచి, కొలతలలోని పొరపాట్లు సమసిపోవునట్లు సగటు కట్టుదురు. ఇదే పద్ధతిని మనుష్యుల కేల వర్తింపజేయరాదని కెత్లేకు తోచెను. ఎందఱివో కొలతలు సేకరించి, 1835లో ప్రకటించిన గ్రంథమున సగటు మనుష్యుని స్వరూపమును నిరూపింప యత్నించెను. ఎదిగినవారి బరువు వారి యెత్తు యొక్క వర్గము ననుసరించి హెచ్చునని ఆయన గమనించెను. పిమ్మట స్కాట్లండు సైనికులు 5738 మంది ఱొమ్ము కొలతలను గూడ పరిశీలించెను. ఆయన రోగమును వెదకలేదు. ఇంతకు మించిన బరువు అపాయకరమని హద్దును గీయలేదు. ఈ సంగతి పెక్కుమంది మఱచినారు.

1855లో మెదడునకు సంబంధించిన జబ్బు సోకి జ్ఞాపకశక్తి తగ్గినను ఆయన పని మానలేదు. 1874 ఫిబ్రవరి 17వ తేదీన బ్రస్సెల్సులో పరమపదించెను.

తరువాత నూఱేండ్లు నిండకమునుపే, 1972లో, అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ ఈ లెక్కకు దేహభార సూచిక యను నర్థము గల పేరు పెట్టెను. కిలోగ్రాముల బరువును మీటర్ల యెత్తు వర్గముచే భాగించుటయే లెక్క. ఫలము 25 దాటినచో అధికభారమని లోకమున వాడుక యేర్పడెను. అయితే ఆ హద్దు ముఖ్యముగా ఐరోపా సంతతివారిని చూచి నిర్ణయించినది. అదే సూచిక గల ఆసియావాసుల దేహమున క్రొవ్వు, అందును పొట్టచుట్టు క్రొవ్వు, ఎక్కువగా నుండును. మధుమేహమును హృద్రోగమును తక్కువ బరువుననే తలయెత్తును. కావున 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు, లోకమునకు 25ను నిలిపియే, ఆసియావారి విషయమున 23 నుండియే జాగ్రత్త పడవచ్చునని తెలిపిరి. 2009లో భారతదేశ వైద్యులు 23 మొదలు అధికభారమనియు, 25 మొదలు స్థూలకాయమనియు ఏకాభిప్రాయమునకు వచ్చిరి.

కృష్ణాతీరమందలి ధరణికోటలో దినమంతయు అంగడిలో కూర్చుండు గృహస్థు నొకని తలచికొందము. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 64 కిలోలు. సూచిక 23.5 వచ్చును. పాత హద్దు ప్రకారము ఆయన నిశ్చింతగా నిద్రింపవచ్చును. మన హద్దు ప్రకారము రక్తపోటు, రక్తములోని చక్కెర, క్రొవ్వు పరీక్షింప జేసికొనవలసినవాడు. చేతులు కాళ్లు సన్నముగా నుండి పొట్ట మాత్రము ముందుకు వచ్చుట కలిమికి గుర్తని మనవారు మురియుదురు గాని, వైద్యులు దానినే శంకింతురు. అట్లని బస్తాలు మోయు కూలివానికిని అదే 23.5 రావచ్చును, అతని బరువు కండ బరువు. ఈ భేదము కెత్లే లెక్కకు తెలియదు. అందుచే వైద్యులు నడుమునకు టేపు చుట్టి, పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించినదేమో గూడ చూచుచున్నారు.