మెట్టపొలముల మన్రో

హంద్రినది యొడ్డునున్న కోడుమూరు నుండి నైరృతి దిశగా పత్తికొండ వైపు సాగిపోయినచో కంటికి కానవచ్చునది మెట్టపొలమే. నల్లరేగడిలో జొన్న, శనగ, ప్రత్తి. ఎఱ్ఱనేలలో కొఱ్ఱ, సజ్జ, కంది, ఉలవ. కాలువనీరు చేరని చోట వాన యొక్కటే దిక్కు. జొన్నరొట్టె, కొఱ్ఱన్నము, పుంటికూర పప్పు తరతరములుగా ఈ సీమవారి బలము. పాతరలో జొన్నలున్నంత కాలము రైతు తన యింటికి తాను రాజు. పాతర అడుగంటిన నాడు ఆతడు ఊరు విడిచిన కూలి. ఆ పాతర నిండుటకును వట్టిపోవుటకును వానతో పాటు శిస్తు కూడ కారణమని గ్రహించిన పాలకుడొకడు రెండువందల యేండ్లకు పూర్వము ఈ నేలపై గుడారములు వేసికొని తిరిగెను. తుదకు ఈ నేలమీదనే కన్నుమూసెను. ఆతడే సర్ థామస్ మన్రో.

మన్రో 1761 మే 27వ తేదీన స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అలెగ్జాండరు మన్రో అమెరికాలోని వర్జీనియాతో వర్తకము సాగించినవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధము ఆ వర్తకమును కూల్చివేసెను. గ్లాస్గో విశ్వవిద్యాలయమున చదివిన కుమారుడు బ్రతుకుతెరువునకై ఈస్టిండియా కంపెనీ సైన్యములో చేరి, 1780 జనవరిలో మద్రాసున దిగెను. ఆ యేడే హైదరలీతో యుద్ధము వచ్చెను. పండ్రెండేండ్లు ఆతని జీవితము సైన్యములో గడచినది. ఆ కాలముననే పారశీకమును హిందూస్థానీయు నేర్చెను.

1792లో టిప్పుసుల్తాను బారామహలును వదలుకొనగా, అచ్చట శిస్తు నిర్ణయించు పని కెప్టెను రీడునకు అప్పగింపబడెను. ఆతని సహాయకులలో మన్రో ఒకడు. ఏడేండ్లు అచ్చటి రైతుల నడుమ మెలగి, సేద్యపు లోతుపాతులు తెలిసికొనెను. ధర్మపురిలో తానొక తోట పెంచెను. దినమున కొంతసేపు అందులో గడపుట ఆతనికి అలవాటు. ఆ ఊరు విడిచి పోవలసి వచ్చినపుడు కొలువు మారుటకంటె తోటను వీడుటయే ఆతని నెక్కువ బాధించెను. మొక్కకు నీరు పోసి ఫలము కొఱకు వేచియుండుట యెట్టిదో స్వయముగా నెఱిగినవాడగుటచే, రైతు ఓరిమి ఆతనికి తెలిసినది.

1800లో నిజాము బళ్లారి, అనంతపురము, కడప ప్రాంతములను, నేటి కర్నూలు సీమలోని కొంతభాగమును కంపెనీకి దత్తము చేసెను. అవియే దత్తమండలములు. కర్నూలు నవాబు రాజ్యము మాత్రము 1839 వఱకు వేఱుగానే నిలిచెను. పత్తికొండ నాడు దత్తమండలములలోనిది. 1858లో కర్నూలు జిల్లాలో చేరినది. మన్రో ఈ మండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చెను. నాడు గ్రామములు పాళెగాండ్ర కోటల మధ్య నలుగుచుండెను. పండిన పంటకు ముగ్గురు నలుగురు యజమానులు. సుమారు ఎనుబదిమంది పాళెగాండ్రను మన్రో అణచెను. ఆ పద్ధతి మిక్కిలి కఠినమని లండనులోని కంపెనీ అధికారులే ఆక్షేపించిరి. 1801లో తెర్నేకల్లు గ్రామస్థులు శిస్తు విషయమున తిరుగబడగా, కంపెనీ సేన ఆ గ్రామకోటను ముట్టడించి పట్టుకొనెను. మన్రోను దేవుని వలె వర్ణించువారు ఈ ఘట్టమును మఱువరాదు. ఆతడు కంపెనీ ఉద్యోగి. శిస్తు రాబట్టుట ఆతని విధి.

అయినను ఆ విధిని నెఱవేర్చిన తీరులో ఆతని ప్రత్యేకత యున్నది. ఏడేండ్లలో అధికభాగము ఆతడు గుడారములలోనే నివసించెను. ఊరూర దిగి, కరణముల లెక్కలు చూచి, రైతులతో ముఖాముఖి మాటాడెను. 1802లో పొలముల కొలత ఆరంభమైనది. ముప్పదిమూడడుగుల గొలుసు కొలబద్ద. గొలుసు పొడవును గొలుసు వెడల్పును గల నేల ఒక గుంట. నలువది గుంటలు ఒక ఎకరము. ఈ లెక్క నాడు మన్రో మనుష్యులు మన చేలగట్లపై నడచి వేసినదే. కొలిచిన పొలమును నేల గుణమునుబట్టి తరగతులుగా విభజించి, ఒక్కొక్క పొలమునకు శిస్తు కట్టిరి. రైతునకును ప్రభుత్వమునకును నడుమ జమీందారుండడు. ఏ పొలము దున్నవలెనో, దేనిని వదలవలెనో, జొన్న చల్లవలెనో ప్రత్తి చల్లవలెనో రైతు ఇష్టము. ఇదియే రైత్వారీ పద్ధతి.

ఈ పద్ధతివలన ఏడేండ్లలో ప్రభుత్వాదాయము ఇంచుమించు ఒకటిన్నర రెట్లయినది. మఱియొకడైనచో ఆ లెక్క చూపి సంతసించి యుండును. మన్రో అట్లు చేయలేదు. తాను కట్టించిన శిస్తు మొత్తముపంటలో నూటికి నలుబదియైదు పాళ్ళకు వచ్చుచున్నదనియు, అంత భారము మోయుచు రైతు కూడబెట్టలేడనియు ఆతడు గుర్తించెను. 1807లో ఊరు విడిచి పోవుటకు ముందు, నూటికి ఇరువదియైదు వంతులు తగ్గించి, రాజభాగమును మూడవవంతునకు దింపవలెనని ప్రభుత్వమునకు వ్రాసెను. బావులక్రింది, చెఱువులక్రింది నేలలకు ఇంకను కొంత తగ్గింపు కోరెను. తాను వేసిన శిస్తు ఎక్కువైనదని తానే యొప్పుకొన్న అధికారులు ఏ కాలమునను అరుదు. కాని పై అధికారులు ఆ సలహాను పాటింపలేదు. రైత్వారీని ఎత్తివేసి, గ్రామములను మొదట మూడేండ్లకు, పిమ్మట పదేండ్లకు గుత్తకిచ్చిరి. గుత్తదార్లు పలువురు చెడిరి, రైతులును చెడిరి.

మన్రో ఇంగ్లండున ఉన్న కాలమున, 1813లో, పార్లమెంటు విచారణసంఘము ఆతని సాక్ష్యము నడిగెను. సీమసరకులు భారతదేశమున విరివిగా అమ్ముడుపోవునా యన్నది వారి ప్రశ్న. పోవని మన్రో సమాధానము. అచ్చటివారి ఆహారము వారి పొలములలో పండును, వస్త్రము వారి మగ్గములపై నేయబడును, వారి అవసరములు వారి నేలయే తీర్చునని ఆతని అభిప్రాయము. తాను ఒక భారతీయపు శాలువను ఏడేండ్లు వాడినను అది చెక్కు చెదరలేదనియు, ఐరోపా శాలువను ఉచితముగా నిచ్చినను వాడననియు ఆతడు ఆ సభలో చెప్పెను. వర్తకుల కంపెనీ సేవకుడు వర్తకులకు రుచింపని ఈ మాట చెప్పుటకు దత్తమండలముల గుడారజీవితమే కారణమై యుండును. రెడ్డి యింటి గొఱ్ఱును గుంటకను, సాలె యింటి మగ్గమును దగ్గరగా చూచినవాని కన్ను అది.

1814లో తిరిగివచ్చిన మన్రో 1820లో మద్రాసు గవర్నరయ్యెను. ఏండ్ల తరబడి దాచుకొన్న పనిని ఇప్పుడు చేసెను. దత్తమండలములలో రైత్వారీ మరల వచ్చినది, శిస్తు తగ్గినది. 1822లో రాజధాని అంతటను పాఠశాలల లెక్క తీయుమని కలెక్టర్ల నాజ్ఞాపించి, 1826లో జిల్లాలకును తాలూకాలకును బడులు పెట్టు ఏర్పాటు చేసెను. రైతు బిడ్డకు అక్షరము రానిదే పట్టాలో ఏమున్నదో తెలియదు గదా.

ఇంతటితో మెట్టరైతు కష్టము తీరెనా? తీరలేదు. శిస్తు రొక్కములో కట్టవలెను; కనుక కల్లములో గింజ ఆరకమునుపే చవుకగా అమ్మవలెను. పాతరకు చేరవలసిన జొన్నలు సంతకు పోయినవి. 1876-78 నాటి ధాత కరవులో కర్నూలు, బళ్లారి, కడప మండలములు ఘోరముగా దెబ్బతినినవి. మన్రో తగ్గించిన భారమేగాని తొలగించినది కాదు. ఆ కొలత ఆతని దోషమును గుణమును గూడ చెప్పును.

పదవీకాలము ముగియవచ్చిన వేళ, 1827 వేసవిలో, తాను తొలినాళ్ళు గడపిన మండలములను చివరిసారి చూడవలెనని ఆతడు బయలుదేరెను. దారిలో పరివారమునకు వాంతిభేది సోకినది. గుత్తి దాటి పత్తికొండ చేరిన పిదప ఆతనికిని సోకెను. జూలై 6వ తేదీన ఆ గుడారముననే ప్రాణము విడిచెను. గుత్తిలో ఖననము చేసి, 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింటు మేరీ దేవాలయమునకు తరలించిరి. గుత్తిలో ఆతని పేర బాటసారులకు సత్రము వెలసినది. పత్తికొండలో చెట్లతోపు నాటి, మెట్లబావి త్రవ్వించిరి.

సీమ ప్రజలు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొనిరి. తిరుమలలో పొంగలి నైవేద్యమునకు ఆతడొక గంగాళము సమర్పించెనని ఐతిహ్యము; మన్రో గంగాళమను పేరు అందుచే నిలిచినది. మద్రాసులో శిల్పి చాంట్రీ మలచిన అశ్వారూఢ విగ్రహము ఘనమైనదే. కాని మెట్టనేల వానికి తగిన స్మారకము పత్తికొండ బావియే. వాన రాని యేట ఒక కడవ నీరు, వాన వచ్చిన యేట ఒక పాతర జొన్నలు: ఈ రెండును రైతు యింట నిలుచునట్లు చూచుటయే పాలన యని ఆ గుడారజీవితము బోధించుచున్నది. జొన్నరొట్టె తిను బాలుడు దాని వెనుక నున్న వాననే కాక, ఆ పొలపు లెక్కను కూడ ఎఱిగియుండుట మేలు.