శ్రీమతి ఫ్రాన్సెస్ హాడ్జ్‌సన్ బర్నెట్

బిడ్డలకై వ్రాయబడిన కథలు కేవలము కాలక్షేపమునకే యని తలచువారు కలరు. 'సీక్రెట్ గార్డెన్' అను నవలను రచించిన శ్రీమతి ఫ్రాన్సెస్ హాడ్జ్‌సన్ బర్నెట్ జీవితమును చదివినచో ఆ తలంపు తొలగిపోవును.

ఈమె 1849వ సంవత్సరము నవంబరు 24వ తేదీన ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున జన్మించెను. నాలుగేండ్లైన నిండకమునుపే తండ్రి గతించెను. తల్లి కొంతకాలము వ్యాపారమును నడిపెను గాని, అమెరికా అంతర్యుద్ధమువలన ప్రత్తి రాక మిల్లులు మూతవడగా ఆ నగరమున బేరసారములు సన్నగిల్లెను. 1865లో ఆ కుటుంబము అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రమునకు వలసపోయెను. అచ్చట ఈ బాలిక అడవిద్రాక్షలు కోసి అమ్మగా వచ్చిన డబ్బుతో కాగితములును తపాలాబిళ్లలును కొని, తన కథలను పత్రికలకు పంపెను. 1870లో తల్లియు మరణించెను.

1873లో స్వాన్ బర్నెట్ అను వైద్యుని పెండ్లాడి ఇద్దరు కుమారులను కనెను. 1886లో వెలువడిన 'లిటిల్ లార్డ్ ఫాంట్లెరాయ్' ఆమెకు కీర్తిని, ధనమును దెచ్చెను. అయినను 1890 డిసెంబరులో పెద్దకుమారుడు లయొనెల్ పదునారేండ్ల ప్రాయమున క్షయరోగముచే మరణించెను. ఆ తల్లి దుఃఖమునకు మేర లేకుండెను. అట్టి దుఃఖమునందును ఆమె లండనులోని పేదబాలుర సంఘమునకు కుమారుని జ్ఞాపకార్థము పఠనాలయము నేర్పరచెను.

1898లో ఇంగ్లండునందలి మేథమ్ హాల్ అను భవనమును అద్దెకు గైకొనెను. చుట్టును గోడగల పాతతోట యొకటి అచ్చట నుండెను. అందు గులాబీలు నాటించి, అచ్చటనే కూర్చుండి వ్రాసికొనుచుండెను. 1911లో ప్రకటింపబడిన 'సీక్రెట్ గార్డెన్'కు ఆ తోటయే ప్రేరణ.

కథానాయిక మేరీ మన దేశమున పెరిగిన ఆంగ్లబాలిక. మన తెలంగాణమున గత్తర యనబడు విషూచిచే తల్లిదండ్రులను కోల్పోయి, యార్క్‌షైరులోని మేనత్త మగని యింట చేరును. భార్య చనిపోయిన దుఃఖముచే అతడు ఆమె తోటకు తాళము వేసియుండెను. మంచము వీడని కుమారుని, మేల్కొనియున్నప్పుడు చూడజాలకుండెను. మేరీయు, ఆ బాలుడగు కాలినును, పల్లెవాడగు డికనును కలిసి తోటను బాగుచేయుదురు. చెట్లతోపాటు పిల్లలును చిగురింతురు. తండ్రి కొడుకును మరల దరిజేర్చుకొనును. తన బిడ్డకు దక్కని ఆరోగ్యమును ఆ తల్లి కాలినునకు ఒసగెనని తోచును. మేరీని పెంచిన ఆయాయు అదే వ్యాధిచే మరణించును. ఆమెకై మేరీ కంటతడి పెట్టదు. అది ఆ కాలపు దొరల దృష్టిలోని కొరత.

ఆమె 1924 అక్టోబరు 29న అమెరికాలో మరణించెను.

విద్యార్థులారా! తల్లినో తండ్రినో కోల్పోయి ముభావముగా నుండు తోటివారు మీ తరగతిలోను ఉండవచ్చును. మేరీయు మొదట ముక్కోపి, ఎవరికిని గిట్టనిది. అట్టివారిని దూరముంచక మీ యాటలోనికి పిలువుడు. తాళము దీయుటకు అది చాలును.